ఆలన్ ట్యూరింగు జీవితము

తుంగభద్రా తీరమున నున్న మన కర్నూలు పట్టణమునకును, నేడు లోకమంతట వ్యాపించిన కంప్యూటరు శాస్త్రమునకును సంబంధ మేమని యెవరైన నడిగినచో విద్యార్థులు నవ్వుదురేమో. కాని సంబంధము కలదు. ఆ శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడగు ఆలన్ మాథిసన్ ట్యూరింగు తండ్రి మన జిల్లాలో కొలువు చేసినవాడు. ఆయన పేరు జూలియస్ మాథిసన్ ట్యూరింగు. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి 1896లో మద్రాసు రాజధానికి వచ్చి, బళ్లారి, కర్నూలు, విశాఖపట్టణము జిల్లాలలో అసిస్టెంటు కలెక్టరుగాను మేజిస్ట్రేటుగాను పనిచేసెను. పైరుపంటలు, నీటిపారుదల, పారిశుద్ధ్యము, టీకాలు మొదలగువానిని గూర్చి నివేదికలు వ్రాయుటయు, సర్కారు లెక్కలను తనిఖీ చేయుటయు ఆయన విధులు. సీమలో తమిళము చదివి వచ్చినవాడు ఇచ్చటికి వచ్చిన పిమ్మట తెలుగును గూడ నేర్చుకొనెను. ఆయన మామగారగు ఎడ్వర్డు వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరుగా నుండి తుంగభద్రపై వంతెన నిర్మాణమును జరిపించిన ప్రసిద్ధుడు. ఇట్లు తండ్రి లెక్కలను సరిచూచినవాడు. మాతామహుడు నదీప్రవాహమునకు చెక్కుచెదరని వంతెన కట్టించినవాడు. కుమారుడు చేసిన పనికి ఈ రెండింటి పోలికయు నున్నది.

ఈ జీవితమును మన పత్రికలో వ్రాయుటకు మరియొక కారణము కలదు. మన పాఠశాల విడిచి కళాశాలలలో చేరిన పూర్వవిద్యార్థులు కొందరు సెలవులలో వచ్చినప్పుడు, తాము వ్రాసిన ప్రోగ్రాములు సరిగా నున్నవో లేవో తెలిసికొనుట యెట్లనియు, అందులకై ఉచితముగా లభించు సాధనములు పెక్కు గలవు గదా, వానిలో దేని నెంచుకొనవలెననియు నడుగుచున్నారు. సాధనము పేరు చెప్పి ఊరకుండుట సులభమే. కాని సరిచూచుట యనగా నేమో తెలియనివానికి ఏ సాధనమును ఉపకరింపదు. ఆ సంగతిని ట్యూరింగువలె తరచి చూచినవారు అరుదు. కావున ముందు ఆయన చరిత్రమును చెప్పి, పిమ్మట ఆ ప్రశ్నకు వత్తును.

జూలియస్ ట్యూరింగు 1907లో ఎథెల్ సారా స్టోనీని వివాహమాడెను. మరుసటి యేట కూనూరులో పెద్దకుమారుడు జాన్ పుట్టెను. తరువాత నా కుటుంబము ఉద్యోగపు బదిలీలవలన పార్వతీపురము, అనంతపురము, బెజవాడ, శ్రీకాకుళము, కర్నూలు మొదలగు తావులలో నుండి, 1911లో గంజాము ప్రాంతపు ఛత్రపురము చేరెను. రెండవ బిడ్డను కనుటకు తల్లి ఇంగ్లండు పోయెను. 1912 జూన్ 23వ తేదీని లండను నగరమున ఆలన్ జన్మించెను. మద్రాసు రాజధాని యెండలు పిల్లల యారోగ్యమునకు సరిపడవని తలచి, తలిదండ్రు లన్నదమ్ముల నిరువురిని సముద్రతీరమున నున్న యొక విశ్రాంత కర్నలు ఇంట నుంచి తాము ఇండియాకు తిరిగివచ్చిరి. కాబట్టి మన మండలములో తండ్రి ఊరూర తిరిగి పరుల బిడ్డల క్షేమమును విచారించుచుండగా, తన బిడ్డలు వేలమైళ్ల దూరమున పరులయింట పెరిగిరి.

ఆలన్ చిన్ననాటనే అంకెలయందు ఆసక్తి గలవాడు. 1926లో షెర్బర్ను పాఠశాలలో చేరవలసిన దినమునకు సరిగా ఇంగ్లండున సార్వత్రిక సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోయెను. పదునాలుగేండ్లైన నిండని యా బాలుడు సౌతాంప్టన్ రేవునుండి సుమారు 60 మైళ్లు సైకిలుపై ప్రయాణము చేసి, నడుమ నొకరాత్రి విశ్రమించి, పాఠశాలకు చేరుకొనెను. ఇంతటి పట్టుదల గలవాడైనను ఉపాధ్యాయుల మెప్పు పొందలేదు. చేవ్రాత మిక్కిలి వికారముగా నుండెడిది; పుస్తకములపై సిరామరకలు; జవాబు సరియైనదే యగును గాని దానిని రాబట్టిన క్రమము చదువువానికి బోధపడదు. ఈ లోపమును గూర్చి యుపాధ్యాయులు పలుమారు మందలించిరి. అక్కడనే క్రిస్టఫర్ మార్కమ్ అను సహపాఠితో గాఢమైన స్నేహము కలిగెను. నీటుగా వ్రాయుటయు, క్రమముగా నాలోచించుటయు నా మిత్రుని చూచి నేర్చుకొన యత్నించెను. 1930 ఫిబ్రవరిలో మార్కమ్ క్షయవ్యాధిచే మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, మిత్రుడు చేయదలచిన పనిని తాను చేయవలెనని ఆలన్ సంకల్పించుకొనెను.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి 1934లో ప్రథమశ్రేణిలో పట్టభద్రుడై, 1935లో, ఇరువదిరెండేండ్ల వయస్సున, ఆ కళాశాలకే ఫెలోగా ఎన్నికయ్యెను. అందులకై ఆయన సంభావ్యతాశాస్త్రములోని యొక సిద్ధాంతమును నిరూపించెను. అది 1922లోనే లిండెబర్గు అను పండితునిచే నిరూపింపబడినదని యాయనకు ముందు తెలియదు. ఒకరు చేసినదానిని చూడక తానే మొదటినుండి చేయుట ఆయన స్వభావము. ఆ స్వభావమే కొంత నష్టమును, పెద్ద లాభమును కూడ తెచ్చెను.

ఆ లాభము 1936లో కనబడెను. జర్మనుదేశపు గణితాచార్యుడగు హిల్బర్టు లోకముముందొక ప్రశ్న నుంచెను. గణితవాక్యము నేదైన నిచ్చినచో, అది నిరూపింపదగినదో కాదో, యాంత్రికమైన యొకే పద్ధతిచే ప్రతిపర్యాయము నిర్ణయింపవచ్చునా యని యా ప్రశ్న. ట్యూరింగు ముందుగా యాంత్రిక పద్ధతి యనగా నేమని విచారించెను. గళ్లుగా విభజింపబడిన పొడుగాటి కాగితపు పట్టీ, ఒక్కొక్క గడిలో నొక్కొక్క గుర్తు, ఆ గుర్తును చదువుటకును, చెరిపి వ్రాయుటకును, ప్రక్కగడికి జరుగుటకును శక్తిగల యొక యంత్రము, దానికి కొన్ని నియమములు. మానవుడు కాగితముపై చేయగల గణన మంతయు నింతటితోనే చేయవచ్చునని ఆయన వాదించెను. అంతేకాదు, ఏ యంత్రము నియమములనైనను పట్టీపై వ్రాసి యిచ్చినచో, దానివలె నడచుకొనగల సార్వత్రిక యంత్రము నొకదానిని గూడ వర్ణించెను. నేటి కంప్యూటరునకు మూలమైన భావ మిదియే.

ఆ వ్యాసమునందే హిల్బర్టు ప్రశ్నకు లేదను జవాబును నిరూపించెను. దానినుండి తేలిన సంగతిని నేటి మాటలలో చెప్పవలెనన్న నిట్లు చెప్పవచ్చును. ఏ ప్రోగ్రాము నిచ్చినను, అది యెన్నటికైన నాగునా, ఆగక నిరంతరము తిరుగుచునే యుండునా యని తప్పక తేల్చి చెప్పగల ప్రోగ్రాము ఉండజాలదు. అనగా సకల ప్రోగ్రాములను సరిచూచి తీర్పు చెప్పు పరీక్షకుడు లోకమున పుట్టడు. విద్యార్థు లీ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పనియున్నది.

అదే సంవత్సరమున అమెరికాలోని ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున అలోంజో చర్చి అను ఆచార్యుడు వేరొక మార్గమున నా నిర్ణయమునకే వచ్చెను. చర్చి యంత్రమును తలపలేదు. ప్రమేయములు, అనగా ఒక విలువను పుచ్చుకొని మరియొక విలువ నిచ్చునవి, వానితో మాత్రమే యొక గణితమును కల్పించెను. దానికి లాంబ్డా కలనమని పేరు. రెండు పద్ధతులును సమానబలము గలవని ట్యూరింగు తన వ్యాసమునకు అనుబంధముగా నిరూపించి చూపెను. పిమ్మట ప్రిన్స్టన్ పోయి, చర్చి యొద్దనే పరిశోధన చేసి 1938లో డాక్టరు పట్టము పొంది, స్వదేశమునకు తిరిగివచ్చెను.

1939 సెప్టెంబరులో యుద్ధము ప్రారంభమైన మరునాడే ట్యూరింగు బ్లెచ్లీ పార్కు అను రహస్యస్థానమున పనిలో చేరెను. జర్మనులు తమ వార్తలను ఎనిగ్మా యను యంత్రముచే గుప్తలిపిగా మార్చి పంపుచుండిరి. ఆ యంత్రమును అమర్చగల విధములు 1 తరువాత 20 సున్నలు గల సంఖ్యను మించియుండెను. పోలండు దేశపు గణితజ్ఞులు రెయెవ్‌స్కీ మొదలగువారు యుద్ధమునకు పూర్వమే దాని గుట్టును కొంత కనుగొని ఆంగ్లేయులకు తెలిపియుండిరి. ట్యూరింగు బాంబ్ అను యంత్రమును రూపించెను. గోర్డన్ వెల్చ్‌మన్ దానికొక ముఖ్యమైన మెరుగును చేర్చెను. 1940లో అది పనికి వచ్చెను. దాని పద్ధతి విచిత్రమైనది. ఇది సరియైన అమరిక యని నిరూపింప యత్నింపదు. వార్తలో ఫలాని మాట యుండునని యూహించి, ఒక అమరికను సత్యమనుకొని, దానివలన నేమేమి కావలయునో వరుసగా చూచుకొనుచు పోవును. ఎచ్చట రెండు ఫలితములకు పొత్తు కుదరదో అచ్చట నా యమరికను త్రోసివేయును. త్రోసివేయగా మిగిలిన కొలదివానిని మనుష్యులు పరీక్షింతురు. ఒక్క విరోధము చాలును, అసత్యము బయటపడుటకు. జర్మను నౌకాదళపు గుప్తలిపిని భేదించిన శాఖకు ట్యూరింగే నాయకుడు. దానివలన అట్లాంటికు సముద్రమున ఎన్నియో ఓడలు, వానిలోని ప్రాణములు దక్కెను. అయినను ఈ కథ యెవరికిని చెప్పరానిదై 1970వ దశకమువరకు రహస్యముగా నుండిపోయెను.

యుద్ధానంతరము ట్యూరింగు నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో చేరి, ఏస్ అను ఎలక్ట్రానిక్ కంప్యూటరునకు సమగ్రమైన నమూనాను వ్రాసెను. పని మందకొడిగా సాగుటచే విసిగి 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు మారెను. వ్యాయామప్రియులగు మన విద్యార్థులకు మరియొక సంగతి చెప్పవలెను. ఆయన దూరపు పరుగులో దిట్ట. 1947లో 26 మైళ్లకు పైబడిన మారథాన్ పందెమును 2 గంటల 46 నిమిషములలో ముగించెను.

అప్పటికి కంప్యూటరులు నిజముగా నడువనారంభించెను. నడచినంతనే యొక క్రొత్త కష్టము బయటపడెను. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అను కంప్యూటరును 1949 మే నెలలో నడపిన మారిస్ విల్క్స్, తన శేషజీవితములో పెద్దభాగము తన ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే సరిపోవునని ఒకనాడు మెట్లెక్కుచు గ్రహించితినని తరువాత వ్రాసికొనెను. యంత్రము తప్పు చేయుటలేదు. వ్రాసిన మనుష్యుడే తప్పు చేయుచున్నాడు. ఆ తప్పును పట్టుట యెట్లు?

ఆ సంవత్సరమే జూన్ 24వ తేదీని కేంబ్రిడ్జిలో జరిగిన సభలో ట్యూరింగు ఈ విషయముపై నొక చిన్న ప్రసంగము చేసెను. ముందు కూడిక లెక్కను దృష్టాంతముగా తీసికొనెను. దానిని మన తరగతి మాటలలో చెప్పెదను. ఒక విద్యార్థి 478, 356, 289 అను మూడు సంఖ్యలను కూడి, 1123 అని మాత్రము వ్రాసి తెచ్చెననుకొందము. దిద్దువాడు కూడిక యంతయు మొదటినుండి తానే చేయవలెను. నడుమ ఆపుటకు వీలులేదు. అట్లుగాక, ఒకట్ల వరుస 23, పదుల వరుస 20, వందల వరుస 9 అని విడివిడిగా వ్రాసి చూపినచో, ముగ్గురు మూడు వరుసలను ఏకకాలమున సరిచూడవచ్చును. 23, 200, 900 కలిసి 1123 అగుట నాల్గవవాడు చూడవచ్చును. తప్పున్నచో ఏ వరుసలో నున్నదో వెంటనే తెలియును. ఏండ్ల తరబడి లెక్కల నోటుపుస్తకములు దిద్దుచున్న నాకీ దృష్టాంతము చదివినప్పుడు, చేతి అంకెలు వ్రాయకుండ జవాబు మాత్రము తెచ్చు పిల్లలందరును కన్నులయెదుట నిలిచిరి. చిన్ననాడు ట్యూరింగు తానే యట్టి పిల్లవాడు గదా!

పెద్ద ప్రోగ్రామును గూడ ఇట్లే చేయవలెనని యాయన మతము. వ్రాసినవాడు ప్రోగ్రాములో అక్కడక్కడ, ఈ స్థలమున ఫలాని విలువ యిట్లుండవలెనని స్పష్టమైన మాట వ్రాసి యుంచవలెను. సరిచూచువాడు ఒక్కొక్క మాటను విడిగా పరీక్షింపవలెను. అన్నియు నిలిచినచో ప్రోగ్రాము సరియైనదని తేలును. ఉదాహరణముగా, 1 మొదలుకొని ఒక సంఖ్యవరకు గల సంఖ్యలన్నింటి లబ్ధమును, గుణకారము లేకుండ కూడికలచేతనే కనుగొను ప్రోగ్రామును చూపించి, దాని జవాబు సరియైనదనియు, అది తప్పక ఆగుననియు వేర్వేరుగ నిరూపించెను. సకల ప్రోగ్రాములను తీర్పు చెప్పు పరీక్షకుడు లేడని 1936లో చెప్పినవాడే, వ్రాసినవాడు సహకరించినచో ఒక్కొక్క ప్రోగ్రామును సరిచూడవచ్చునని 1949లో చూపెను. ఈ రెండు మాటలకు విరోధము లేదు. పరీక్ష యను భారము సాధనముపై మాత్రమే మోపరాదు; పరీక్షకు వీలుగా వ్రాయుట వ్రాయువాని ధర్మము.

విచారకరమేమన, తప్పులు పట్టుటను గూర్చిన ఆ ప్రసంగమే అచ్చులో పెక్కు తప్పులతో వెలువడెను. గుర్తులు తారుమారగుటచే చదివినవారికి బోధపడక మూలబడెను. 1967లో రాబర్టు ఫ్లాయిడ్ అను శాస్త్రజ్ఞుడు అదే మార్గమును స్వయముగా కనుగొనవలసివచ్చెను. 1984లో మోరిస్, జోన్స్ అను ఇరువురు ఆ తప్పులను సవరించి దానిని మరల ప్రకటించిన తరువాతనే ట్యూరింగు ఎంత ముందున్నాడో లోకమునకు తెలిసెను.

1950లో యంత్రములు ఆలోచింపగలవా యను ప్రసిద్ధ వ్యాసమును వ్రాసెను. 1951లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1952లో జీవుల శరీరములపై మచ్చలు, చారలు ఏర్పడు క్రమమును గణితముచే వివరించెను. ఆ యేటనే ఆయనకు గొప్ప ఆపద వచ్చెను. తన యింట దొంగతనము జరిగినదని పోలీసులకు తెలుపగా, ఆ విచారణలో ఆయనకు మరియొక పురుషునితో సంబంధము గలదని బయటపడెను. 1885 నాటి చట్టముచే నది ఇంగ్లండున నేరము. ఆయన దాచలేదు, బొంకలేదు. న్యాయస్థానము చెరసాలకు మారుగా ఒక సంవత్సరము హార్మోను మందులు పుచ్చుకొనుమని విధించెను. ఆ మందులు శరీరమును బాధించెను. రహస్య పరిశోధనలలో ఆయనకు ప్రవేశము లేకపోయెను. దేశమునకు ఆయన చేసిన మేలు న్యాయాధిపతికి చెప్పుటకైనను వీలులేని రహస్యమై యుండెను. 1954 జూన్ 7వ తేదీని, 41 యేండ్ల ప్రాయమున, సయనైడు విషమువలన మరణించెను. ఆత్మహత్య యని విచారణాధికారి నిర్ణయించెను. రసాయన ప్రయోగములలో ప్రమాదవశమున జరిగినదని తల్లి కడవరకు నమ్మెను. మన నాట కాపురము చేసిన యా తల్లి, 1959లో కుమారుని జీవితచరిత్రమును తానే వ్రాసి ప్రకటించెను. కాని యుద్ధకాలపు కృషిని వివరించుటకు ఆమెకు వీలు లేకపోయెను.

చట్టములును మనుష్యులు వ్రాసినవే. వానిని గూడ సరిచూడవలెను. సరిచూచుటలో ఆలస్యమైనచో మూల్యము చెల్లించువారు నిర్దోషులు. ఇంగ్లండున ఆ చట్టము 1967లో సడలెను. మన దేశమున అట్టి విధిని సుప్రీంకోర్టు 2018లో సవరించెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ట్యూరింగునకు జరిగిన యన్యాయమునకు క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష నొసగెను. 2021లో ఆయన చిత్రముతో 50 పౌండ్ల నోటు వెలువడెను. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన బహుమానము 1966 మొదలుకొని ఆయన పేరనే యీయబడుచున్నది. మన రాయలసీమలో, నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన రాజ్ రెడ్డి గారు 1994లో దానిని పొందిరని చెప్పుటకు సంతసించుచున్నాను.

ఇక విద్యార్థుల ప్రశ్నకు వత్తును. చర్చి కల్పించిన ప్రమేయగణితము కాగితముపైననే నిలువలేదు. 1958లో జాన్ మెకార్తీ ఆరంభించిన లిస్ప్, 1970వ దశకమున రాబిన్ మిల్నర్ మొదలగువారు రూపించిన ఎంఎల్, 1990లో వెలువడిన హాస్కెల్ అను ప్రోగ్రాము భాషలన్నియు దాని సంతతివే. హాస్కెల్ భాషలో ప్రమేయము మన బీజగణితములోని ప్రమేయమువంటిది. ఒకే విలువ నిచ్చినచో ప్రతిపర్యాయము ఒకే జవాబు వచ్చును. కావున నొక్కొక్క ప్రమేయమును, కూడికలోని యొక్కొక్క వరుసవలె, విడదీసి పరీక్షింపవచ్చును. ఇట్లు చిన్నభాగములను పరీక్షించుటకే యూనిట్ టెస్టింగ్ అని పేరు. దానికి తోడ్పడునట్లు ముందే వ్రాసి యుంచిన ప్రోగ్రాముల సంపుటిని లైబ్రరీ యందురు.

హాస్కెల్ భాషకు ఇట్టి లైబ్రరీలు పలువురు పండితులు వ్రాసి, మూలప్రతితో సహా ఉచితముగా నిచ్చియున్నారు. ముఖ్యమైనవి రెండు తెగలు. మొదటి తెగకు హెచ్‌యూనిట్ ఉదాహరణము. దీనిని డీన్ హెరింగ్టన్ అనునాయన, జావా భాషలోని జేయూనిట్‌ను మాదిరిగా గొని రచించెను. ఇందు ప్రశ్నయు జవాబును మనమే వ్రాసి యీయవలెను. రెండవ తెగకు క్విక్‌చెక్ మూలము. స్వీడను దేశమున కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ అనువారు దీనిని రచించి 2000లో ప్రకటించిరి. ఇందు జవాబు వ్రాయనక్కరలేదు. జవాబునకు ఉండవలసిన లక్షణమును వ్రాసిన చాలును. అదియే యాదృచ్ఛికముగా, మామూలుగ నూరు పర్యాయములు, వివిధములగు విలువల నిచ్చి, ఆ లక్షణమునకు విరోధము దొరకునేమో యని వెదకును. బ్లెచ్లీలోని బాంబ్ యంత్రముతో దీనికి బంధుత్వము లేకున్నను, విరోధమును వెదకు బుద్ధి యొక్కటే.

ఒక ఉదాహరణము చూడుడు. తరగతి మార్కుల పట్టికను పుచ్చుకొని సగటు నిచ్చు ప్రమేయమును వ్రాసితి మనుకొందము. మొదటి పద్ధతిని 40, 80 అను మార్కులకు సగటు 60 రావలెనని పరీక్ష వ్రాయుదుము. వచ్చును. మరి రెండు మూడు పట్టికలు పెట్టుదుము. అన్నియు నెగ్గును. మనము తృప్తి పడుదుము. రెండవ పద్ధతిని, సగటు సున్నకు తగ్గరాదు, నూటికి మించరాదు అను లక్షణమును వ్రాసినచో, క్విక్‌చెక్ మొట్టమొదటనే ఒక్క మార్కైనను లేని ఖాళీ పట్టిక నిచ్చును. అప్పుడు సున్నతో భాగింపవలసివచ్చి ప్రోగ్రాము కూలును. ఆనాడు తరగతికి ఒక్కడును రాకపోయినచో నేమగునని మనకు తోచలేదు, సాధనమునకు తోచెను. కాని రెండవ పద్ధతియొక్కటే చాలునని భ్రమపడరాదు. ఏ పట్టిక నిచ్చినను 50 అని మాత్రమే చెప్పు సోమరి ప్రమేయము సైతము ఆ లక్షణమునకు లోబడి నెగ్గును! దానిని పట్టునది 40, 80 అను మన చిన్న పరీక్షయే.

కావున ఈ రెండింటిలో నేది మేలని యడుగుట, తక్కెడ మేలా కొలబద్ద మేలా యని యడుగుటవంటిది. జవాబు మనకు నిశ్చయముగా తెలిసినచోట మొదటిది. జవాబు తెలియక దాని లక్షణము మాత్రము తెలిసినచోట రెండవది. రెండును ఒకే ప్రోగ్రామునకు కలిపి వాడుకొనుట ఉత్తమము. ఇక నే తెగలోనైనను లైబ్రరీ నెంచుకొనునప్పుడు నాలుగు సంగతులు చూడవలెను. మొదటిది, తప్పు దొరకినప్పుడు ఏ విలువ నిచ్చితిమి, ఏమి రావలెను, ఏమి వచ్చెనని స్పష్టముగా చెప్పునా? క్విక్‌చెక్ తనకు దొరకిన పెద్ద విరోధమును కుదించి, సాధ్యమైనంత చిన్నదిగా చేసి చూపును. ఇది గొప్ప సహాయము. రెండవది, ప్రతిదినము ప్రయాసలేక వాడుకొన వీలగునా? కష్టమైన సాధనము పెట్టెలో మిగిలిపోవును. మూడవది, భాష మారుచుండగా లైబ్రరీని గూడ మార్చుచు కాపాడువారు కలరా? నాలుగవది, మూలప్రతి బహిరంగముగా నున్నదా? పరీక్షించు సాధనమును మనుష్యుడు వ్రాసినదే. అందును తప్పుండవచ్చును. మూలప్రతి కనబడినచో పరీక్షకుని గూడ పరీక్షింపవచ్చును. మూసిపెట్టినచో నమ్ముట తప్ప గతి లేదు.

ఈ నాలుగింటికి పైన ట్యూరింగు 1936లో చెప్పిన మాటను చేర్చుకొనవలెను. పరీక్ష లన్నియు నెగ్గినవన్న, తప్పు లేదని యర్థము కాదు. వెదకినంతవరకు దొరకలేదని మాత్రమే యర్థము. తప్పే యుండదని హామీ యిచ్చు సాధనము కనబడినచో దానిని దూరముగా నుంచుడు.

విద్యార్థులారా, ఒకనాడు తుంగభద్రా తీరమున లెక్కలు తనిఖీ చేసిన యుద్యోగి కుమారుడు, సిరామరకల నోటుపుస్తకములవలన చీవాట్లు తిన్న బాలుడు, తుదకు ఒకరి పని నింకొకరు సరిచూచుటకు వీలుగా నుంచవలెనని లోకమునకు బోధించెను. మీరు కంప్యూటరు ముందు కూర్చున్నను, లెక్కల పరీక్షకు కూర్చున్నను, చేతి అంకెలను దాచకుడు. జవాబుతో కూడ దారిని గూడ చూపుడు. మీ తప్పును కనిపెట్టినవాడు మీకు శత్రువు కాడు. అతడు పట్టిన తప్పు రేపు మీ ప్రోగ్రామును నమ్ముకొను వానికి కలుగబోవు కష్టమును ముందే తొలగించును.